జపాన్ చెట్టు చేసుకున్న దసరా

ఫ్యాక్టరీలో నా పని, కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి కూర్చుని, వేలు దూరని సందులో బారెడు తీగ దూర్చాలి. ఇలాంటి పని ఏళ్ల తరబడి చేసినవాడికి ఓపిక అబ్బుతుందని అందరూ అనుకుంటారు. నాకు కోపం అబ్బింది. ఎప్పుడు చూసినా ముక్కు మీదే ఉండేది. కంపెనీ డాక్టరు బీపీ చూసి, "ఇంటి దగ్గర నాలుగు చెట్లు పెంచుకో" అన్నాడు. ఆయన పెంచుకోమనే అన్నాడు. పెరగకుండా చూసుకోవాలన్నది మాత్రం నా సొంత తెలివి.

ఆ తెలివి నాకు తొంభైల మొదట్లో, నగరంలో జరిగిన ఒక పూల ప్రదర్శనలో వచ్చింది. మా కంపెనీ స్టాలుకు లైట్లు బిగించడానికి నన్ను పంపారు. పక్క బల్ల మీద ఒక పళ్లెంలో కాగితపుపూల బోన్సాయ్ చెట్టు ఉంది. మోకాలి ఎత్తు లేదు గానీ నూరేళ్లు నిండినదానిలా వంకర్లు పోయి, నిండా పూసి ఉంది. స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. అక్కడున్న కళ్లద్దాల మేడమ్ నా అవస్థ చూసి జాలిపడింది. "విత్తనం వేస్తే మీ మనవడు చూస్తాడు. ఎవరింట్లోనైనా ముసలి పొద ఉంటే అడిగి తవ్వుకోండి. మొదలు లావుగా తయారై ఉంటుంది. పైన కోసేసి కుండీలో పెట్టండి, మిగతాది కత్తెర చూసుకుంటుంది" అంది.

అప్పటినుంచి నేను ఎవరింటికి వెళ్లినా మనుషుల ముఖాలు చూడడం మానేసి, గోడవారన పొదల మొదళ్లు చూడడం మొదలుపెట్టాను. మొదట మా అత్తగారి పెరట్లోని ముసలి మందారను బతిమాలి తెచ్చుకున్నాను. తొమ్మిదో రోజున పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఆమె వచ్చినప్పుడల్లా, "నా మందార మంచిగున్నదా?" అని అడిగేది, "మంచిగనే ఉన్నది" అని నేను చెప్పేవాణ్ణి. కూలగొట్టిన క్వార్టర్ల నుంచి తెచ్చిన కాగితపుపూల మొద్దు బతికింది గానీ దాన్ని మేక తినేసింది. గోరింట పొదను రెండేళ్లు సాకి, చిన్న చిన్న ఆకులు తెప్పించాను. ఆషాఢంలో మా ఆవిడ ఆ ఆకులన్నీ నూరి చేతులకు పెట్టుకుంది. "గోరింటాకు గాక ఇంకేం జేస్తరు దీంతోని?" అని నన్నే అడిగింది.

అప్పుడే మా ఫ్యాక్టరీ గేటు వెడల్పు చేయాలన్నారు. ఆఫీసు ముందు పాత తోటలో నడుమెత్తు గోరింట కంచె ఉండేది, ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో వేసినది. మాలి నెలకోసారి పెద్ద కత్తెరతో దాని తల చదును చేసేవాడు. ఆ కంచెను పీకేసే రోజున, లైటు స్తంభం జరపడానికి నేనక్కడే ఉన్నాను. గోరింటల మధ్య ముంజేయంత లావు మొద్దు ఒకటి కనబడింది. ఆకు చూస్తే జమ్మి. ఏ పిట్ట పడేసిన గింజో మొలిచినట్టుంది. చెట్టు కావలసింది కాస్తా, మాలి కత్తెర కింద ఇన్నేళ్లూ కంచెలో కలిసి బతికింది. సగం పని ముందే అయిపోయిన ఆ మొద్దును చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

దాని తల్లివేరు ఎంత తవ్వినా కిందికే పోతోంది. విసుగొచ్చి, జానెడు ఉంచి రంపంతో కోసేశాను. తడి గోనెసంచిలో చుట్టి, సాయంత్రం కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, పడిపోకుండా భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను.

"గాయన ఎవరన్నా, ఏమైంది?" అని ముందుసీటు ఫిట్టరు గుసగుసగా అడిగాడు.

"ఆపరేషనైంది" అన్నాను.

పటేల్‌గూడలో మా కాలనీ వచ్చేదాకా బస్సులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. డ్రైవరు గుంతల దగ్గర నిదానంగా పోనిచ్చాడు.

మా దగ్గర కుండీలకు కరువు లేదు. మందుల కంపెనీల నీలం డ్రమ్ములు ప్రతి ఇంటి ముందూ ఉంటాయి. ఒక డ్రమ్మును జానెడు ఎత్తున కోసి, అడుగున బెజ్జాలు పెట్టి, అందులో జమ్మిని నాటి డాబా మీద ఉంచాను. కొమ్మలు వంచడానికి నా దగ్గరున్నంత మంచి తీగ ఏ పూల ప్రదర్శనలోనూ ఉండదు. కాలిన మోటారులోని రాగి మెత్తగా, చెప్పినట్టు వింటుంది. స్టోరులో అడిగి మూరెడు ముక్కలు కొన్ని తీసుకున్నాను. స్టోరాయన గేట్‌పాస్ మీద 'చెట్టును కట్టడానికి' అని రాశాడు. గేటు దగ్గర బిహారీ సెక్యూరిటీ అది రెండుసార్లు చదివించుకుని, "పేడ్ భాగ్ జాతా హై క్యా సాబ్?" అని అడిగాడు. చెట్టు పారిపోతుందా అని! నాకొచ్చిన కోపానికి వారం రోజులు వాడి ముఖం చూడలేదు.

మొదటి కొమ్మలు వచ్చాక, కాలనీవాళ్లు డాబా ఎక్కి ముట్టుకోవడం మొదలుపెట్టారు. "గిది ఏం చెట్టు?" అని ఎవరో అడిగితే, "జపాన్ చెట్టు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. జమ్మి అంటే ఒక్కడూ చేతులు వెనక్కి పెట్టుకోడు, జపాన్ అంటే అందరూ పెట్టుకున్నారు. ఆ అబద్ధం ఎనిమిదేళ్లు నడిచింది. ఆ ఎనిమిదేళ్లూ నేను దాని వేళ్లు కోశాను, చిగుళ్లు గిల్లాను, మొదలును రెండు మెలికలు తిప్పి తీగతో బిగించాను. మెల్లగా అది చెట్టు రూపం తెచ్చుకుంది. మోకాలంత ఎత్తున, కింద పిల్లి పడుకుంటే నీడ సరిపోయేంత గొడుగు.

మా ఆవిడకు ఆ చెట్టంటే నా మీద కోపం, చెట్టు మీద జాలి. "ఇంట్ల పిల్లలకు పెట్టుకుంట, దానికొక్కదానికే పెట్టకుంట సంపుతున్నవ్" అనేది. నేను డ్యూటీకి పోయాక దానికి బియ్యం కడిగిన నీళ్లు పోసేదని నాకు తర్వాత తెలిసింది. నేను గిల్లినకొద్దీ అది ఎందుకంత మొండిగా చిగిర్చేదో అప్పటిదాకా అర్థం కాలేదు.

జాలిపడేవాళ్లలో ఇంకొకాయన ఉండేవాడు. మా కాలనీ ఉన్న భూమి ఒకప్పుడు ఆయన జొన్నచేను. ప్లాట్లయ్యాక, తన చేనులోనే ఒక ప్లాటులో ఇల్లు కట్టుకుని మా పొరుగువాడయ్యాడు. ఇంటి నంబర్లు ఆయన తలకెక్కలేదు. మా ఇంటికి వస్తే, "నీ వంటింట్లనే మా బాయి గడ్డ ఉండె" అని, బావిగట్టు అక్కడే ఉన్నట్టు పొయ్యి వైపు చూపేవాడు. నేను ఆయన్ని కాకా అనేవాణ్ణి, ఆయన నన్ను కరెంటు సారూ అనేవాడు. కళ్లకు పొరలొచ్చి సరిగా కనబడేది కాదు. చెట్టును చేత్తో తడిమి, "పాపం, కంపెనీల నీళ్లు తాగి జపానోళ్ల చెట్టు గూడ గింతే అయింది" అని బాధపడేవాడు. నెలకోసారి గంపెడు పశువుల ఎరువు తెచ్చి మెట్ల మీద పెట్టి పోయేవాడు. నేను దాన్ని ఎవరూ చూడకుండా బీరపాదుకు వేసేవాణ్ణి.

ఎనిమిదో ఏడు వానాకాలం పోతూనే, నగరంలో పూల ప్రదర్శనకు పేరు రాయించాను. దసరా తర్వాత ఆదివారం ప్రదర్శన. నా జీవితంలో నేను చేసినది ఏదీ ఎవరూ బల్ల మీద పెట్టి చూడలేదు. మోటారు చుడితే అది తిరుగుతుంది, తిరిగితే ఎవరూ చూడరు, కాలితే అందరూ నన్ను చూస్తారు. ఒక్కసారి, ఒక్క రోజు, నేను చేసింది నలుగురూ నిలబడి చూడాలని ఎంత ఆశపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఆ నెలంతా దాని ఒక్కో ఆకునూ తడిబట్టతో తుడిచాను.

ఇక దసరా సంగతి. పటేల్‌గూడ పాత జమ్మిచెట్టు ఉన్న గట్టు ఎప్పుడో ఒక కంపెనీ ప్రహరీ లోపలికి పోయింది. వాళ్లు మంచివాళ్లే, ఏటా దసరా సాయంత్రం లోపలికి వదిలేవారు. కాకపోతే గేటు దగ్గర రిజిస్టరులో ఒక్కొక్కరూ సంతకం చేసి, 'ఎవరిని కలవాలి' అన్న గడిలో 'జమ్మిని' అని రాసి, తలకు పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని పోవాలి. కాకా హెల్మెట్ మీదనే రుమాలు చుట్టేవాడు. ఆ ఏడు మాత్రం చెట్టున్న చోట ట్యాంకు కట్టారు. ఆ సంగతి పండగ పొద్దున్నే తెలిసి కాకా పరుగున మా డాబా ఎక్కాడు.

"కరెంటు సారూ, పరేషానైంది. జమ్మి లేదు. జల్దీ బండి తీసి సంగారెడ్డి దిక్కు పోయి ఒక కొమ్మ..." అంటూ ఆగిపోయాడు.

ఆయనకు రెండు నెలల కింద కంటి ఆపరేషన్ అయిన సంగతి నేను మరిచిపోయాను. కొత్త కళ్లతో నా చెట్టు దగ్గరికి పోయి వంగి చూశాడు. ఒక చిన్న ఆకు తెంపి నలిపి వాసన చూశాడు. ముల్లును గోటితో గీరాడు.

"జపాన్‌ల గూడ జమ్మి ఉంటదా?"

"ఉంటది" అన్నాను.

"దసరా గూడ జేస్తరా?"

నేను చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను. వెనక మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని మెట్లు దిగిపోయింది.

"కాకా, వచ్చే ఆదివారం షో ఉన్నది. ఎనిమిదేండ్ల కష్టం. ఒక్క ఆకు పోయినా ఊకోను" అని మొహమాటం లేకుండా చెప్పేశాను.

"షో ఆదివారమొస్తది. దసరా ఇయ్యాలనే గదా సారూ" అని ఆయన కూడా దిగిపోయాడు. సరే, గొడవ తీరిందనుకుని నేను చెట్టుకు నీళ్లు చల్లాను.

సాయంత్రం డప్పులు వినబడ్డాయి. పక్క వీధిలో అనుకున్నాను. మా వీధిలోకి వచ్చాయి. పోతున్నాయేమో అనుకున్నాను. మా మెట్లెక్కాయి. పిట్టగోడ మీంచి చూస్తే కాలనీకి కాలనీ కొత్తబట్టలు కట్టుకుని మా ఇంటి ముందు నిలబడి ఉంది. సగం మంది మా ఫ్యాక్టరీవాళ్లే. ఎవరినని తిట్టను? పైగా మా డాబాకు పిట్టగోడ మూడు వైపులే కట్టాను. అంతమందీ ఒక్కసారే పైకొస్తే చెట్టు సంగతి తర్వాత, ఇల్లే ప్రదర్శనకు పోతుంది. భయంతో నా నోటినుంచి ఏం రావాలో అదే వచ్చింది.

"ఒక్కసారే రావొద్దు! ఏ షిఫ్ట్ ముందు, బీ షిఫ్ట్ మెట్ల మీద, సీ షిఫ్ట్ కిందనే!"

ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. ఎవరి షిఫ్టులో వాళ్లు, పెళ్లాం పిల్లలతో సహా వరసలో నిలబడ్డారు. ఇంత క్రమశిక్షణ నేను ఫ్యాక్టరీలో కూడా చూడలేదు. అలా వద్దన్నవాణ్ణి నేనే దగ్గరుండి జరిపించేవాణ్ణయ్యాను.

కాకాకు మరో చిక్కు వచ్చింది. జమ్మికి మొక్కేటప్పుడు తల పైకెత్తి చూడాలి, ఈ జమ్మికి మొక్కాలంటే బోర్లా పడుకోవాలి. అది సరికాదన్నాడు. నలుగురు కలిసి చెట్టును ఎత్తి మా నీళ్లట్యాంకు మూత మీద పెట్టారు. ఇప్పుడు అందరూ తల పైకెత్తి చూశారు. సిమెంటు ట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు చేశారు. మా ఆవిడ కింద మెట్టు మీద కూర్చుని, రాయడం రానివాళ్లకు జమ్మికి కట్టే కోరికల చీటీలు రాసిపెడుతోంది. చీటీ కట్టాలంటే నిచ్చెనెక్కాలి. నిచ్చెన పట్టుకునే పని బిహారీ సెక్యూరిటీకి పడింది. వాడు చెట్టునూ, నా తీగలనూ చూసి, ఏమీ అనకుండా దండం పెట్టాడు.

ఇక ఆకు తెంపడం. ఎవరికి వాళ్లు తెంపితే కొమ్మలు కూడా మిగలవు. నేనే ట్యాంకెక్కి కూర్చున్నాను. జమ్మి ఆకును విడదీస్తే బియ్యపు గింజంత రేకులు బోలెడు వస్తాయి. దసరా నాడు దాన్నే బంగారమంటారు. తలకొక రేకు! సన్న తీగలు పట్టుకునే చిమటాతో పట్టి, చాచిన ప్రతి అరచేతిలోనూ పెట్టాను, రేషన్ డీలరులాగా. రేషన్ షాపులో పడే మాటలన్నీ పడ్డాను.

"ఆయనకు పెద్దది ఇచ్చినవ్."

"మా అత్త రాలేదు, ఆమెది గూడ ఇయ్యి."

ఒకాయన తన రేకు చూసుకుంటూ తుమ్మాడు. అది ఎగిరిపోయింది. బీ షిఫ్ట్ మొత్తం వంగి డాబా మీద ఆయన బంగారం వెతికింది. దొరకలేదు. ఇంకొకటి ఇవ్వనన్నాను, ఇచ్చాను. సీ షిఫ్ట్ వచ్చేసరికి చెట్టు సగం బోడిది. కిందికి చూస్తే వరస ఇంకా ఉంది. చాలు, పొండి అనడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఒక ముసలామె, నెత్తిన కొంగు సర్దుకుని, రెండు చేతులూ దోసిలిపట్టి నిలబడింది. అంత దోసిట్లో అంత చిన్న రేకు పెట్టి, నోరు మూసుకుని తర్వాతి కొమ్మకు పోయాను. చివరి మనిషికి చివరి రేకు ఇచ్చేసరికి చెట్టు మీద నా తీగలూ, వాళ్ల చీటీలే మిగిలాయి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. జమ్మి తీసుకున్నాక ఏం చేస్తారు? పెద్దవాళ్లకూ, కావలసినవాళ్లకూ చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆ రోజు కాలనీ మొత్తానికి కావలసినవాణ్ణి నేనే. ట్యాంకు దిగి వీధిలోకి రాగానే ఒక్కొక్కరే వచ్చి, "బంగారం దీస్కో సారూ" అని నేనిచ్చిన రేకును నా చేతిలోనే పెట్టి కౌగిలించుకున్నారు. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్, వరస తప్పకుండా. చివర కాకా వచ్చాడు. కాళ్లకు మొక్కబోతే లేపి గుండెకు హత్తుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిందో, సంతోషంతో వచ్చిందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఇంటికొచ్చి చొక్కా జేబు చూసుకుంటే నా చెట్టు ఆకులన్నీ అందులో ఉన్నాయి.

మర్నాడు చీటీలు విప్పాను. నౌకరి పర్మనెంటు కావాలని, కొడుకు పదో తరగతి గట్టెక్కాలని, బోరులో తెల్లనీళ్లు రావాలని. అన్నింటి కింద చివరి వరుస మాత్రం ఒక్కటే: 'తల్లీ, ఈ చెట్టు పెద్దగ కావాలె.' పది విప్పాను, ఇరవై విప్పాను, అదే వరుస, మా ఆవిడ చేతిరాతలో.

"నువ్వు రాసినవా?" అని అరిచాను.

"సగం మంది జెప్పిండ్రు, రాసిన. సగం మంది మరిచిపోయిండ్రు, నేనే రాసిన" అంది, చాటలో బియ్యం చెరుగుతూ.

ఆదివారం బోడి చెట్టునే ఆటోలో వేసుకుని నగరానికి వెళ్లాను. మొండితనం. కళ్లద్దాల మేడమ్ ఇంకా అక్కడే ఉంది, జుట్టు నెరిసింది. మొదలు చూసి సంబరపడింది. పైకి చూసి, "ఆకులేవండీ?" అంది. జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద విప్పాను. "ఇవిగో, అన్నీ ఉన్నాయి" అన్నాను. ఆమె పొట్లాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. పక్కనున్న కుర్రాయన అట్టముక్క మీద 'ఎండిన చెట్టు' అని రాసి దాని ముందు పెట్టబోయాడు. "ఎండలేదయ్యా! దసరా చేసుకుంది!" అని నేను వేసిన కేకకు హాలంతా తిరిగి చూసింది. నా చెట్టును నలుగురూ నిలబడి చూడడం ఆ రోజు అలా జరిగింది. బల్ల మీద మాత్రం పెట్టనివ్వలేదు.

నెల తిరిగేసరికి అది మళ్లీ చిగిర్చింది. మునుపటికంటే చిన్న ఆకులు, ఏ బోన్సాయ్‌వాడైనా కళ్లకద్దుకునేంత ముద్దుగా. మళ్లీ ఏడాదికి ప్రదర్శనకు తిరుగులేదు. కత్తెర పట్టుకుని డాబా ఎక్కాను. ఎక్కినవాణ్ణి చుట్టూ చూశాను. ఆ దిక్కున ఒక స్లాబు, ఈ దిక్కున రెండు పునాదులు, ఇటుకల లారీలు. వచ్చే దసరాకు వీళ్లందరూ కూడా వస్తారు. రేకును రెండుగా చీల్చాలి. ఆ మీదటి ఏడు నాలుగుగా. కత్తెర మాత్రం పెట్టలేదు. కిందికి దిగి కాకా ఇంటికి పోయి గడ్డపార అడిగాను.

కాలనీ నీళ్లట్యాంకు పక్కన ఖాళీ జాగాలో ఆయనే చోటు చూపించాడు. అక్కడ ఆయన మంచె ఉండేదట. "లోతుగ తవ్వు. జమ్మి వేరు నీళ్లకాడికి పోతది" అన్నాడు. డ్రమ్ము కోసి చెట్టును బయటికి తీశాక, దాన్ని ఒళ్లో పెట్టుకుని అడుగు భాగం తడిమాడు. రంపంతో కోసిన చోట ఆయన బొటనవేలు ఆగింది.

"గిది నువ్వే గోసినవా?"

"నేనే కాకా."

"మంచిగ మానింది" అన్నాడు. ఆ రోజు ఆయన ఎరువు మొదటిసారి వెయ్యాల్సిన చోట వేశాను.

మూడేళ్లు అది కదలలేదు, నేను నేర్పిన పాఠం మరిచిపోలేనట్టు. నాలుగో ఏడు తల ఎత్తింది. ఆ తర్వాత దాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. కాకా దాని నీడలో రెండు దసరాలు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

రిటైరైన ఏడు, దసరా సాయంత్రం నేను వరసలో నిలబడి ఉన్నాను. ఇప్పుడు షిఫ్టులు లేవు, కొమ్మలు అందరికీ అందుతాయి. నా ముందు కొత్తగా ఇల్లు కట్టుకున్నాయన మొదలు చూసి ఆగాడు. మోకాలి ఎత్తు దాకా రెండు మెలికలు, అక్కడినుంచి నిటారుగా మాను. మెలికలో ఒక చోట బెరడు రాగితీగను మింగేసింది, కొస మాత్రం మెరుస్తోంది.

"సూసిండ్రా సార్, చిన్నప్పుడు ఎవడో దీన్ని మెలిదిప్పి ఖరాబ్ జేసిండు" అన్నాడాయన, జాలిగా తీగ కొసను వేలితో తాకుతూ.

"నేనే" అన్నాను.

ఆయన నవ్వాలో వద్దో తెలియక నా ముఖం చూశాడు. తర్వాత చెయ్యెత్తి ఒక రెమ్మ తెంపి, నిండుగా ఆకులున్నది, నా చేతిలో పెట్టాడు.